బిందెల లెక్క: ఇంటి నీటి అవసరాన్ని నిర్ణయించే అంశాలు

ఇంటర్‌లో ఎకనామిక్స్ చదివే మిత్రులకు డిమాండ్ సూత్రం కంఠతా వచ్చే ఉంటుంది. ధర పెరిగితే డిమాండ్ తగ్గుతుంది, ధర తగ్గితే డిమాండ్ పెరుగుతుంది. ఉదాహరణకు కాఫీ, టీ అని చెబుతారు. అదే సూత్రాన్ని మంచినీళ్లకు పెట్టి చూస్తే కొంతదూరం నడిచి ఆగిపోతుంది. ఎందుకంటే మన ఊళ్లలో చాలామంది నీళ్ల ధరను రూపాయల్లో చెల్లించరు. నడకలో చెల్లిస్తారు, కుళాయి దగ్గర నిలబడటంలో చెల్లిస్తారు, నడుము నొప్పిలో చెల్లిస్తారు. ఈ ధర ఏ బిల్లులోనూ కనబడదు.

ఒక ఇంటికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలి, నిజానికి ఎన్ని వాడుతున్నారు, ఈ రెండు అంకెలూ ఎందుకు కలవవు, వాటిని పెంచేవీ తగ్గించేవీ ఏమిటి అనేదే ఈ వ్యాసం. హైస్కూలు చదివే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ కూడా అర్థం కావాలి కాబట్టి వీలైనంతవరకు బిందెల్లోనే లెక్క చెబుతాను. బిందె అంటే 15 లీటర్లు అనుకుందాం. చిన్న బిందెలూ పెద్ద బిందెలూ ఉన్నాయి గాని, లెక్కకు ఏదో ఒకటి పట్టుకోవాలి కదా.

కావలసినవి వేరు, వాడినవి వేరు

నీటి డిమాండ్ అంటే ఒక మనిషి తాగడానికి, వండుకోవడానికి, శుభ్రంగా ఉండటానికి కావలసిన నీరు. వినియోగం అంటే అతనికి దొరికి, అతను వాడిన నీరు. పుస్తకాల్లో ఈ రెండు మాటలనూ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. నీళ్లు ఇరవైనాలుగు గంటలూ వచ్చే ఇంట్లో రెండూ దాదాపు ఒకటే కాబట్టి అక్కడ నష్టం లేదు. నీళ్లు గంటసేపే వచ్చే వాడలో మాత్రం ఈ పొరపాటు చాలా ఖరీదైనది. ఆ వాడలో మనిషికి పది లీటర్లే వాడుతున్నారని ఎవరైనా రాసుకుని వెళ్లి, వీళ్ల అవసరం పది లీటర్లేనని పైపు వేస్తే, ఆ కొరత ముప్పై ఏళ్లు అలాగే ఉండిపోతుంది. ముప్పై ఏళ్లని ఎందుకంటున్నానంటే, నీటి సరఫరా పథకాల్లో పైపులైన్లను సాధారణంగా అంతకాలానికే రూపకల్పన చేస్తారు.

ఇప్పుడు ప్రభుత్వ లెక్కలు చూద్దాం. గ్రామీణ నీటి సరఫరాలో చాలాకాలం నడిచిన ప్రమాణం మనిషికి రోజుకు 40 లీటర్లు. ఇందులో తాగడానికి 3, వంటకు 5, స్నానానికి 15, అంట్లు తోమడానికీ ఇల్లు కడగడానికీ 7, కాలకృత్యాలకు 10. కూడితే సరిగ్గా 40. ఈ లెక్కలో ఏం లేదో గమనించారా? బట్టలు ఉతకడానికి ఒక్క లీటరు కూడా లేదు. పల్లెవాళ్లు బట్టలు చెరువులోనో వాగులోనో ఉతుక్కుంటారని లెక్క వేసిన వాళ్ల ఉద్దేశం కావచ్చు. ఆ చెరువు సంగతి మళ్లీ వస్తుంది.

పట్టణాల లెక్క వేరు. భారతీయ ప్రమాణాల సంస్థ ప్రకారం పూర్తి డ్రైనేజీ ఉన్న పట్టణంలో మనిషికి 135 లీటర్లు. స్నానానికి 55, మరుగుదొడ్డికి 30, బట్టలకు 20, అంట్లకు 10, ఇల్లు కడగడానికి 10, వంటకు 5, తాగడానికి 5. ఊరి మనిషికి మూడు బిందెలు నిండవు, పట్నం మనిషికి తొమ్మిది బిందెలు. ఒంటికి పట్టే మురికి పొలంలో పనిచేసేవాడికే ఎక్కువ గదా అని ఎవరికైనా సందేహం వస్తుంది. సందేహం న్యాయమైనదే. ఫ్లష్ మరుగుదొడ్డికీ, భూగర్భ డ్రైనేజీ పూడిపోకుండా పారడానికీ నీళ్లు కావాలన్నది ఇంజనీర్ల సమాధానం. అది కొంతవరకు నిజమే. స్నానంలో 15కూ 55కూ ఉన్న తేడాను మాత్రం డ్రైనేజీ వివరించలేదు.

తర్వాత ప్రమాణాలు మారాయి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ఇంటింటికీ కుళాయి ద్వారా మనిషికి 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పల్లెలకు 100 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. దీని పక్కన ఇంకొక అంకె పెట్టి చూడండి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో తీవ్రమైన కరువు వచ్చినప్పుడు, 2018 ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లు మించి వాడకూడదని ఆంక్ష పెట్టారు. ప్రపంచంలోని పత్రికలన్నీ దాన్ని పెద్ద విపత్తుగా రాశాయి. వాళ్ల కరువు కోటా, మన పల్లెల లక్ష్యం ఇంచుమించు ఒక్కటే.

దూరం

నీటి వినియోగాన్ని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది దూరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం హోవర్డ్, బార్ట్రమ్ అనే ఇద్దరు నిపుణులు 2003లో ఒక పట్టిక తయారుచేశారు. నీళ్లు కిలోమీటరు కన్నా దూరంగా ఉంటే, లేదా వెళ్లి రావడానికి అరగంట దాటితే, మనిషికి వాడకం తరచు 5 లీటర్ల లోపే ఉంటుంది. కిలోమీటరు లోపల ఉంటే సుమారు 20 లీటర్లు. ఇంటి ఆవరణలోనే ఒక కుళాయి ఉంటే సుమారు 50 లీటర్లు. ఇంట్లో నాలుగైదు కుళాయిలుంటే 100 లీటర్లు, ఆపైన.

ఇందులో ఒక విశేషం ఉంది. వీధి కుళాయి ఎనిమిది వందల మీటర్ల నుంచి మూడు వందల మీటర్లకు దగ్గరైనా వాడకం పెద్దగా పెరగదు. అదే గడప లోపలికి వస్తే ఒక్కసారిగా రెట్టింపు దాటుతుంది. అంటే వీధి చివర ఒక పంపు వేసి నీటి సమస్య తీరిందనడం కుదరదు. మోసే పని తప్పితేనే మనిషి ధారాళంగా వాడగలుగుతాడు.

లెక్క వేసి చూద్దాం. ఇంట్లో ఐదుగురు. పాత ప్రమాణం ప్రకారం మనిషికి 40 చొప్పున 200 లీటర్లు, అంటే పద్నాలుగు బిందెలు. చంకలో ఒకటి, చేతిలో ఒకటి, మొత్తం రెండు బిందెలు ఒక విడతకు తెస్తే ఏడు విడతలు. కుళాయి 200 మీటర్ల దూరంలో ఉంటే ఒక విడతకు పోనూ రానూ 400 మీటర్లు, ఏడు విడతలకు 2.8 కిలోమీటర్లు. అందులో సగం దూరం ముప్పై కిలోల బరువుతో. పాత నిబంధన ప్రకారం నీటి వనరు 1.6 కిలోమీటర్ల లోపల ఉంటే ఆ ఊరికి నీళ్లు ఉన్నట్లే. ఆ దూరానికి ఏడు విడతలంటే 22 కిలోమీటర్లు దాటుతుంది. ఎవరూ నడవలేరు. అందుకని రెండు విడతలు తెచ్చుకుంటారు. నాలుగు బిందెలు, 60 లీటర్లు, మనిషికి 12. అవసరం తగ్గలేదు, వాడకం తగ్గింది. ఏం తగ్గిస్తారు? తాగేదీ వండేదీ తగ్గించలేరు. స్నానం, చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్డి తగ్గుతాయి. గజ్జి, కళ్లకలక, విరేచనాలు అక్కడి నుంచే వస్తాయి. మురికి నీళ్లు తాగితే వచ్చే జబ్బుల గురించి సైన్స్ పాఠంలో చదువుతాం. నీళ్లు చాలక వచ్చే జబ్బులు వేరే ఒక తరగతి. తూర్పు ఆఫ్రికాలో ఇంటి నీటి వాడకం మీద వైట్, బ్రాడ్లీ, వైట్ అనే ముగ్గురు 1972లో ప్రచురించిన పుస్తకంలో ఈ విభజన చేశారు. ఆ దేశాల్లోనే దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ సర్వే చేస్తే, పైపు కనెక్షన్ ఉన్న ఇళ్లలో తలసరి వాడకం పెరగకపోగా దాదాపు సగానికి పడిపోయింది. పైపులున్నాయి, వాటిలో నీళ్లు సరిగా రావడం లేదు. కుళాయిలను లెక్కపెట్టి సంతోషించేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఈ బిందెలు ఎవరు మోస్తారో వేరే చెప్పనక్కరలేదు. ఇంటి దగ్గర నీళ్లు లేని కుటుంబాల్లో పదింట ఏడింటిలో ఆ పని ఆడవాళ్లదీ ఆడపిల్లలదీ అని యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదికలో తేల్చాయి. నీళ్లు పట్టి బడికి వచ్చే పిల్ల మొదటి పీరియడ్ పోగొట్టుకుంటుంది. మొదటి పీరియడ్ చాలా బళ్లలో లెక్కలో, ఇంగ్లీషో అయి ఉంటుంది.

పైపు చివర ఎవరుంటారు?

దూరం తర్వాత చెప్పవలసింది నీళ్లు ఎంతసేపు వస్తాయి, ఎంత ఒత్తిడితో వస్తాయి అన్న సంగతి. ముప్పై ఇళ్లున్న వాడలో ఒక వీధి కుళాయి ఉందనుకోండి. నిమిషానికి 10 లీటర్లు, అంటే బిందె నిండటానికి నిమిషంన్నర. రోజుకు గంటసేపు నీళ్లు వదులుతారు. గంటలో 600 లీటర్లు, నలభై బిందెలు. ముప్పై ఇళ్లకు పంచితే ఇంటికి బిందె చిల్లర. ఐదుగురున్న ఇంట్లో మనిషికి 4 లీటర్లు. ప్రతి ఇంటికీ పద్నాలుగు బిందెలు అందాలంటే ఆ కుళాయి పదిన్నర గంటలు ఆగకుండా పారాలి. రికార్డులో మాత్రం ఈ వాడకు కుళాయి సౌకర్యం ఉంది. చేతిపంపు లెక్కా ఇంతే. పాత ప్రమాణం 250 మందికి ఒక పంపు. ఇండియా మార్క్ టూ పంపు నిమిషానికి సుమారు 12 లీటర్లు ఇస్తుంది. 250 మందికి 40 లీటర్ల చొప్పున కావలసిన పదివేల లీటర్లు తోడాలంటే దాదాపు పద్నాలుగు గంటలు ఊపిరి పీల్చకుండా కొట్టాలి.

ఒత్తిడి సంగతి ఫిజిక్స్ చదివే వాళ్లకు తేలికగా అర్థమవుతుంది. ట్యాంకు నుంచి బయలుదేరిన నీరు పైపు గోడల రాపిడికి ఒత్తిడి కోల్పోతూ పోతుంది. దారిలో ప్రతి ఇల్లూ కొంత తీసుకుంటుంది. మధ్యలో నలుగురు కుళాయికి మోటార్లు బిగిస్తే చివరి ఇంటికి మిగిలేది గాలి. ఒక అంతస్తు ఇళ్ల దగ్గర కనీసం 7 మీటర్ల ఒత్తిడి ఉండాలని నియమం. కుళాయి కింద గొయ్యి తవ్వి, అందులోకి దిగి బిందె పట్టుకుంటున్నారంటే ఆ నియమం అమలు కావడం లేదని అర్థం. పైపు లావు ఇంకొక కీలకం. పైపు వ్యాసం సగమైతే నీళ్లు కూడా సగమవుతాయని మనం అనుకుంటాం. కాదు. మిగతావన్నీ అలాగే ఉంటే, హేజెన్-విలియమ్స్ సూత్రం ప్రకారం సుమారు ఆరోవంతుకు పడిపోతాయి. ఊళ్లోకి నాలుగంగుళాల పైపు, పేటలోకి రెండంగుళాల పైపు వేస్తే ఏమవుతుందో ఈ సూత్రమే చెబుతుంది.

పైపు చివర ఉండేది చాలా ఊళ్లలో మన పేటే. ఊరి మధ్య ట్యాంకు, ఊరి చివర దళితవాడ. పైపు ఊరి నుంచి పేటకు వస్తుంది గాని పేట నుంచి ఊరికి పోదు. నీటి డిమాండ్‌ను నిర్ణయించే అంశాల పట్టికలో పాఠ్యపుస్తకాలు వాతావరణం, ఆదాయం, కుటుంబ పరిమాణం అని రాస్తాయి. కులం అని రాయవు. మన దేశంలో నీటికీ కులానికీ ఉన్న సంబంధం రాయకుండా ఈ పాఠం పూర్తి కాదు. ప్రభుత్వ ధనంతో నడిచే చెరువులు, బావులు అందరికీ అందుబాటులో ఉండాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. అయినా మహాడ్‌లోని చౌదర్ చెరువు నీళ్లు తాగడానికి బాబాసాహెబ్ అంబేద్కర్ 1927 మార్చి 20న వేలమందితో నడిచి వెళ్లవలసి వచ్చింది. కోర్టు వివాదం తేలడానికి మరో పదేళ్లు పట్టింది. ఆ తర్వాత రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాల వాడకంలో వివక్ష ఉండరాదని ప్రత్యేకంగా రాశారు.

మనకు దగ్గరలోని సంగతి కారంచేడు. 1985 జూలైలో అక్కడి మాదిగపల్లె వాళ్లు తాగే చెరువును మురికి చేయవద్దని అభ్యంతరం చెప్పడంతో గొడవ మొదలైంది. మర్నాడు, జూలై 17న జరిగిన దాడిలో ఆరుగురు దళితులు ప్రాణాలు కోల్పోయారు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో, ఈ వర్గాలవారు వాడుకునే నీటి వనరును పాడుచేయడం ఒక నేరంగా చేర్చారు. ఒక బిందె నీళ్ల వెనుక ఇంత చరిత్ర ఉంది. అందుకే మన వాడ వినియోగం తక్కువగా ఉందంటే, అది మన అలవాటు అని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు.

ఇల్లు, చెరువు, మరుగుదొడ్డి

ఇంటి రకాన్ని బట్టి కూడా నీటి అవసరం మారుతుంది. అలికే మట్టి నేలకు వారానికి ఒకటి రెండు బకెట్లు చాలు. గచ్చు చేయిస్తే, బండలు వేయిస్తే రోజూ తడిగుడ్డ పెట్టాలి. వాకిట్లో కల్లాపి, పశువుల కుడితి, పెరట్లో వంగ మొక్కలు, ఇవన్నీ పట్నం పుస్తకాల్లో కనబడని ఖర్చులు. పాడిగేదె ఎండాకాలంలో రోజుకు యాభై లీటర్లకు పైనే తాగుతుంది. ఎడారి అభివృద్ధి పథకం కింద ఉన్న ప్రాంతాల్లో పశువుల కోసం అదనంగా 30 లీటర్లు కలపాలని నిబంధన ఉండేది. మన వైపు అనంతపురం జిల్లా ఆ పథకంలో ఉండేది. గేదెలు ఉన్న మిగతా జిల్లాలకు ఆ అదనం ఎందుకు వర్తించలేదో వాటికి చెప్పినవాళ్లు లేరు.

ఇందాక చెరువు సంగతి మళ్లీ వస్తుందన్నాను. ఒకప్పుడు దుప్పట్లు, బొంతలు, పొలం బట్టలు చెరువు రేవులోనో, వాగులోనో ఉతికేవారు. పిల్లలు అక్కడే మునిగేవారు. పశువులు అక్కడే తాగేవి. అంటే ఇంటి నీటి అవసరంలో పెద్ద భాగం ఇంటి బయటే తీరేది. చెరువు పూడిపోయి, కట్ట కింద ఆక్రమణలు వచ్చి, వాగులో ఇసుక పోయాక ఆ భారమంతా ఇంటి కుళాయి మీద పడింది. జనాభా ఒక్కరు కూడా పెరగని ఊళ్లో సైతం కుళాయి నీటి అవసరం పెరుగుతుంది. కారణం ఇదే. ఊరి వాళ్లు నీళ్లు దుబారా చేస్తున్నారని విసుక్కునే ముందు చెరువు ఏమైందో అడగాలి.

మరుగుదొడ్డి మరో పెద్ద మార్పు. 2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక ఊరూరా మరుగుదొడ్లు కట్టారు. కట్టడానికి డబ్బు ఇచ్చారు, అందులో పోసే నీళ్లు మోసేది మాత్రం ఇంటి ఆడవాళ్లే. చెంబుతో పోసే పల్లె రకం దొడ్డికి ఒకసారికి రెండు లీటర్లు చాలవచ్చు. పాతకాలపు ఫ్లష్ తొట్టి ఒక్కసారి లాగితే పది లీటర్లు పోతాయి. రెండు మీటలున్న కొత్త రకంలో మూడు లీటర్లు, ఆరు లీటర్లు. నీళ్లు అందని ఇంట్లో మరుగుదొడ్డి పిడకలు దాచుకునే గది అవుతుంది. మనుషులకు బుద్ధి లేక కాదు, బిందెల లెక్క కుదరక.

కుటుంబం, ఆదాయం, ధర

కుటుంబం పెద్దదైతే మొత్తం వాడకం పెరుగుతుంది, తలసరి వాడకం మాత్రం తగ్గుతుంది. ఇల్లు తుడవడానికీ, వాకిలి కడగడానికీ ఇద్దరున్నా ఆరుగురున్నా నీళ్లు దాదాపు అంతే కావాలి. ఉమ్మడి కుటుంబం మూడు వేరు కాపురాలైతే జనం పెరగకపోయినా నీటి అవసరం పెరుగుతుంది. నెలల పిల్లలు, మంచాన పడ్డ ముసలివాళ్లు ఉన్న ఇంట్లో బట్టలు ఉతికే నీళ్లే రెండింతలవుతాయి.

ఆదాయం పెరిగితే నీటి వాడకం పెరుగుతుంది గాని, నేరుగా కాదు. డబ్బున్నవాడు ఎక్కువ నీళ్లు తాగడు. షవర్, వాషింగ్ మెషిన్, కూలర్, కారు, గార్డెన్ కొంటాడు, అవి తాగుతాయి. షవర్ నిమిషానికి ఎనిమిది, పది లీటర్లు వదులుతుంది. పది నిమిషాలు నిలబడితే ఐదారు బిందెలు. బకెట్ స్నానానికి ఒక్క బిందె సరిపోతుంది. నీటిని శుద్ధి చేసే ఆర్.వో. యంత్రాలు ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి పారబోస్తాయి. ఆ నీళ్లను అంట్లకు వాడుకునే ఇళ్లు ఉన్నాయి, వాడనివీ ఉన్నాయి.

ఇక ధర. అభివృద్ధి చెందుతున్న దేశాల అధ్యయనాలను నోజ్, విటింగ్టన్ అనే ఆర్థికవేత్తలు 2010లో సమీక్షించారు. ధర పది శాతం పెరిగితే ఇళ్లలో పైపు నీటి వాడకం మూడు నుంచి ఆరు శాతమే తగ్గుతుందని తేలింది. పాఠ్యపుస్తకం మాటల్లో ఇది అవ్యాకోచ డిమాండ్. నీళ్లకు ప్రత్యామ్నాయం లేదు కాబట్టి ఇది ఆశ్చర్యం కాదు. ధర పెంచితే దుబారా తగ్గుతుందనే వాదనలో కొంత నిజం ఉంది గాని, ఆ ధర పెంపు ముందుగా తగ్గించేది గార్డెన్‌కు పోసే నీళ్లనా, పిల్లల స్నానాన్నా అన్నది ఆ ఇంటి ఆదాయాన్ని బట్టి ఉంటుంది. అందుకే చాలా నగరాల్లో మొదటి కొన్ని కిలోలీటర్లకు తక్కువ రేటు, ఆపైన వాడితే ఎక్కువ రేటు పెడతారు. హైదరాబాదులో 2020 డిసెంబర్ బిల్లు నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం చేశారు. ఐదుగురున్న ఇంటికి పంచితే మనిషికి రోజుకు 133 లీటర్లు, ఇందాక చెప్పిన 135కు దగ్గరే. అదే ఇంట్లో పది మంది ఉంటే సగం. ఇంటికింత అని ఇచ్చే ప్రతి లెక్కలోనూ పెద్ద కుటుంబం నష్టపోతుంది.

నిజానికి నీళ్లకు ఎక్కువ ధర చెల్లించేది కుళాయి లేనివాళ్లే. ఇరవై లీటర్ల డబ్బా పది రూపాయలనుకోండి. వెయ్యి లీటర్లకు ఐదు వందలు. నగరంలో పైపు నీళ్లు వెయ్యి లీటర్లకు పదుల రూపాయల్లో వస్తాయి.

డబ్బా నీళ్లు కొనేది సోకు కోసం అనుకోవద్దు. నీటి నాణ్యత కూడా డిమాండ్‌ను రెండుగా చీలుస్తుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల వాళ్లకూ, నల్లగొండ వాళ్లకూ వంకర తిరిగిన ఎముకల గురించి చెప్పనక్కరలేదు. లీటరులో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాకా ఫరవాలేదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా అనుమతిస్తారు. అంతకు మించిన చోట బోరు నీళ్లు స్నానానికీ బట్టలకూ పనికొస్తాయి, తాగడానికి కాదు. తాగేదీ వండేదీ కలిపి మనిషికి 8 లీటర్లు, ఐదుగురికి 40, అంటే రోజుకు రెండు డబ్బాలు, నెలకు ఆరువందల రూపాయలు. కూలి చేసుకునే ఇంట్లో ఆ డబ్బు మిగుల్చుకోవాలని తాగడానికి కొని, వంటకు బోరు నీళ్లే వాడతారు. ఆ అన్నంలో, పప్పులో ఫ్లోరైడ్ అలాగే ఉంటుంది.

నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే చోట ఇంకో అలవాటు పుడుతుంది. దొరికినప్పుడు డ్రమ్ములు, గంగాళాలు, గిన్నెలు అన్నీ నింపుతారు, కొత్త నీళ్లు రాగానే నిన్నటివి పారబోస్తారు. కుళాయి మూతి ఎప్పుడూ తెరిచే ఉంచుతారు, ఎప్పుడొస్తాయో తెలియదు గనుక. దీన్ని నిర్లక్ష్యం అంటారు గాని, వేళకు వచ్చే కుళాయిని ఎవరూ తెరిచి వదలరు.

హాస్టల్ లెక్క

హాస్టల్ కూడా ఒక ఇల్లే, కాకపోతే వందమంది పిల్లలున్న ఇల్లు. హాస్టళ్లకు మనిషికి 135 లీటర్లు ఇవ్వాలని ప్రమాణం, పగటి బడికి 45. వందమందికి రోజుకు 13,500 లీటర్లు. వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకులు నాలుగు ఉంటే వాటిని రోజుకు మూడుసార్లకు పైగా నింపాలి. నిమిషానికి యాభై లీటర్లు తోడే మోటారు నాలుగున్నర గంటలు ఆడాలి. కరెంటు ఉండాలి, బోరు ఎండకూడదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు వేళది. ఇళ్లలో వాడకం ఒక వేళ ఎక్కువ, ఒక వేళ తక్కువ. చిన్న ఊళ్ల పథకాల్లో అత్యధిక వాడకం సగటుకు మూడు రెట్లు ఉంటుందని లెక్క వేస్తారు. హాస్టల్లో అందరూ ఒకేసారి లేస్తారు. రోజు నీళ్లలో సగం పొద్దున్నే రెండున్నర గంటల్లో ఖర్చయితే గంటకు 2,700 లీటర్లు, సగటుకు దాదాపు ఐదు రెట్లు. ట్యాంకు తెల్లవారుజామున నిండి లేకపోతే రోజంతా ఎన్ని నీళ్లు వచ్చినా ప్రయోజనం ఉండదు. ఇంకొకటి. స్నానాల గదులు ఆరే ఉంటే వందమందికి పదిహేడు వంతులు. మనిషికి పది నిమిషాల చొప్పున మూడు గంటలకు పది నిమిషాలు తక్కువ. ఐదు నిమిషాల్లో బయటికి రావాల్సిన పిల్లవాడు ఒళ్లు తడుపుకుని వస్తాడు. అక్కడ నీటి వాడకాన్ని నిర్ణయించేది బోరు కాదు, తలుపుల సంఖ్య.

ఆడపిల్లల హాస్టళ్లలో ఇది మరీ ముఖ్యం. నెలసరి రోజుల్లో నీళ్లు ఎక్కువ కావాలి, మరుగుదొడ్డి దగ్గరగా, తలుపు గడియతో, నీళ్లతో ఉండాలి. అవి లేని చోట పిల్లలు మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఆ రోజు రిజిస్టరులో నీటి వాడకం తక్కువగా కనబడుతుంది. మూత్రనాళంలో వచ్చే ఇన్ఫెక్షన్ మాత్రం ఆ రిజిస్టరులో కనబడదు.

సెలవుల్లో ఒక పని

ఎండాకాలం సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మూడు రోజులు ఈ లెక్క రాయండి. ప్రాజెక్టు వర్కుకు కూడా పనికొస్తుంది. ముందు మీ బిందెను లీటరు సీసాతో కొలిచి దాని పరిమాణం రాసుకోండి. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇంట్లోకి వచ్చిన బిందెలను గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టండి. ఎవరు తెచ్చారో వాళ్ల పేరు కింద గీత పెట్టండి, అప్పుడు నీళ్ల లెక్కతోపాటు ఇంకో లెక్క కూడా తేలుతుంది. చెరువు దగ్గరో, పొలం బోరు దగ్గరో వాడినవి వేరుగా రాయండి. కారే కుళాయి ఉంటే దాని కింద బకెట్ పెట్టి గంటలో ఎంత నిండిందో చూసి ఇరవైనాలుగుతో హెచ్చవేయండి. పండుగో, చుట్టాలో వచ్చిన రోజు ఉంటే అది వేరే గుర్తు పెట్టండి.

తర్వాత వీధి లెక్క. పంపు ఆపరేటర్ వాల్వు తిప్పిన సమయం, ఊరి మధ్య కుళాయికి నీళ్లు చేరిన సమయం, మీ వాడలో చివరి కుళాయికి చేరిన సమయం, ఆగిన సమయం, ఈ నాలుగూ గడియారం చూసి రాయండి. మొదటి కుళాయి దగ్గర బిందె ఎన్ని సెకన్లలో నిండింది, చివరి కుళాయి దగ్గర ఎన్ని సెకన్లు పట్టింది కూడా రాయండి. రెంటికీ తేడా రెండింతలు దాటితే పైపు వ్యాసం ఎంతో పంచాయతీ ఆఫీసులో అడగవచ్చు, చెప్పకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టవచ్చు. గ్రామసభలో సర్పంచ్ గారికి గాని, ఆర్.డబ్ల్యు.ఎస్. ఏ.ఈ. గారికి గాని ఇచ్చే అర్జీలో "మా వాడకు నీళ్లు చాలడం లేదు" అని మాత్రమే రాస్తే ట్యాంకు నిండుగానే ఉందని జవాబు వస్తుంది. ఇళ్లు ఎన్ని, నీళ్లు వచ్చిన నిమిషాలు ఎన్ని, నిండిన బిందెలు ఎన్ని అన్న మూడు అంకెలూ తేదీలతో రాయండి. అర్జీ నకలు మీద అందినట్లు సంతకం, ముద్ర తీసుకోండి.